రూ. 2,116కి ఒక 'ఎస్' ఎక్కువిచ్చారు

మా పాపకి తెలుగులో పేరు పెట్టడానికి అరగంట చాలింది. ఆ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో తేల్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల మధ్యలో నేను డబ్బు కట్టి తీసుకున్న ఒక సర్వీసు గురించి ఈ రివ్యూ. ఫోన్లో మాట్లాడి, సంఖ్యాశాస్త్రం ప్రకారం పేరు స్పెల్లింగ్ ఎలా ఉండాలో చెప్తారు. ఎవరన్నది రాయను. మనిషి మర్యాదస్తుడే, నా పేచీ అంతా సరుకుతోనే.

పాపది శతభిషం రెండో పాదం. 'సా' అక్షరంతో మొదలవ్వాలని పంతులుగారు చెప్పారు. సాహితి అనుకున్నాం. బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోస్తే మా ఆయన ఉంగరంతో ఆ మూడక్షరాలు రాశారు. 'సా' దీర్ఘం లాగేటప్పుడు నాలుగు గింజలు చాప మీద పడ్డాయి, అందరూ నవ్వారు, అంతే. ఆ సాయంత్రం డాలస్ నుంచి మా తోడికోడలు వీడియో కాల్ చేసి, "ఇంగ్లీషులో ఎలా రాస్తున్నారు?" అని అడిగింది. ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా చెప్పాం.

నేను: ఎస్ ఏ హెచ్ ఐ టి హెచ్ ఐ. మా ఆయన: రెండో హెచ్ ఎందుకు, తీసేయ్. అత్తయ్య: పాదాక్షరం 'సా' కదా, రెండు ఏలు పెట్టకపోతే 'స' అయిపోదూ? తోడికోడలు: రెండు ఏలు ఉంచి, హెచ్ తీసేయండి, ఇక్కడ పలకడానికి తేలిక.

అసలు చిక్కంతా 'త' దగ్గరే. మనం టి హెచ్ రాస్తే 'త', ఉత్త టి రాస్తే 'ట'. లత, గీత, స్వాతి అందరూ అలాగే రాసుకుంటారు. హిందీవాళ్లు 'త'కి ఉత్త టి రాస్తారు, టి హెచ్ కనిపిస్తే 'థ' అని ఒత్తి పలుకుతారు. అంటే ఏది రాసినా సగం దేశం తప్పు చదువుతుంది. నాకిది కొత్త కాదు. నా పేరు స్వాతి. పదో తరగతి మెమోలో టి హెచ్ ఉంది, ఆధార్‌లో ఉత్త టి ఉంది. ఇంటి లోను తీసుకునేటప్పుడు, ఆవిడా ఈవిడా ఒక్కరేనని స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించాను. పాపకి ఆ తిప్పలు రాకూడదన్న భయంతోనే ఈ సర్వీసు దాకా వెళ్లాను. తెలిసినవాళ్లు చెప్పారు, నంబరిచ్చారు, రూ. 2,116 ఫోన్‌పే చేశాను.

ముప్పై నిమిషాలన్నారు, పదకొండు నిమిషాల్లో పెట్టేశారు. పుట్టిన తేదీ అడిగారు. 14 అన్నాను. "ఒకటీ నాలుగూ అయిదు. పేరు కూడా అయిదుకి రావాలమ్మా." సాయంత్రానికి వాట్సాప్‌లో ఆరు పేజీల పీడీఎఫ్ వచ్చింది. నాలుగు పేజీలు ఎవరికైనా పంపేవే. అయిదో పేజీలో మేం పంపిన నాలుగు స్పెల్లింగులూ ఎర్ర రంగులో ఉన్నాయి. ఆరో పేజీలో ఆకుపచ్చ రంగులో ఆయన సూచన: ఎస్ ఎస్ ఏ హెచ్ ఐ టి హెచ్ ఐ.

మొదట్లో రెండు ఎస్‌లు! మా ఆయన పైకి చదివారు, "స్స్సాహితి" అని. పాము బుస కొట్టినట్టుంది. ఒళ్లో పాప కూడా ఉలిక్కిపడింది.

డబ్బు పోయాక నేను చేసిన మంచి పని ఒకటుంది. ఆయన పీడీఎఫ్‌లోనే ఉన్న అక్షరాల పట్టిక ముందు పెట్టుకుని లెక్క నేనే వేశాను. దీన్ని కాల్డియన్ పద్ధతి అంటారు. అక్షరాలకి 1 నుంచి 8 దాకా అంకెలు ఉంటాయి, 9 ఏ అక్షరానికీ ఇవ్వరు. ఎస్ 3, ఏ 1, హెచ్ 5, ఐ 1, టి 4. నేను చెప్పిన స్పెల్లింగ్‌కి 20 వచ్చింది, కలిపితే 2. మా ఆయనది 15, అంటే 6. అత్తయ్య చెప్పినట్టు నా స్పెల్లింగ్‌కి ఇంకో ఏ కలిపితే 21, అంటే 3. తోడికోడలిది 16, అంటే 7. ఎస్ ఒకటి ఎక్కువ పెడితే 23, అంటే 5. లెక్క తప్పు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. చివరి ఐ తీసి వై పెడదామా అని ఫోన్లో అడిగితే "చూద్దాం" అన్నారు. చూడ్డానికేముంది, ఆ పట్టికలో రెండూ ఒకటే, 1.

పైథాగరస్ పేరుతో ఇంకో పట్టిక ఉంది. అందులో ఏ నుంచి ఐ దాకా వరసగా 1 నుంచి 9, మళ్లీ జె దగ్గర 1. ఆ లెక్కలో రెండు ఎస్‌ల పేరు 39, దాన్ని కలిపితే 12, చివరికి 3. ఎస్‌కీ ఏకీ అక్కడ ఒకే విలువ కాబట్టి అత్తయ్య స్పెల్లింగ్ కూడా అదే 39. ఒక పట్టికలో అదృష్టం తెచ్చే ఎస్‌కి ఇంకో పట్టికలో ఏ ప్రత్యేకతా లేదు. ఇదే ఆయన్ని అడిగాను. "నమ్మకం ఉంటేనే ఫలితమమ్మా" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. నమ్మేవాళ్లని నేనేమీ అనను, మా నాన్నగారు కూడా రాహుకాలం చూసే బయల్దేరతారు. కానీ పంచాంగం ఏ ఇంట్లో తెరిచినా ఆ రోజు రాహుకాలం ఆ టైముకే ఉంటుందిగా.

ఆ తర్వాత నేను పెట్టిన పరీక్షకి పైసా ఖర్చు కాలేదు. నాలుగు స్పెల్లింగులూ నాలుగు చీటీల మీద పెద్దక్షరాలతో రాసి, కనిపించినవాళ్లతో చదివించాను. పదివారాల టీకాకి వెళ్లినప్పుడు నర్సమ్మ మా ఆయన చీటీ చూసి "సాహిటి" అంది. మా ఆయన ఆఫీసులో లక్నో అబ్బాయి నా చీటీని "సాహిథి" అన్నాడు, కానీ చెప్పగానే దిద్దుకున్నాడు. కింద ఇస్త్రీ అబ్బాయి నాదే తడుముకోకుండా "సాహితి" అన్నాడు. రెండు ఏలున్న చీటీల దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగారు. తోడికోడలి కొడుక్కి ఏ చీటీ ఇచ్చినా "సహీడి" అనే వచ్చింది. వాడు పుట్టింది అక్కడే కదా, వాణ్ణి వదిలేశాం.

పాప చదివేది హైదరాబాద్‌లో, పిలిచేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. కాబట్టి టి హెచ్ ఉంచాం, ఏ ఒక్కటే. పీడీఎఫ్‌లో ఎర్రగా ఉన్నవాటిలో మొదటిది.

జనన ధ్రువపత్రంలో పేరు చేర్పించడం నేననుకున్నంత టెన్షన్ కాలేదు. పుట్టుక 21 రోజుల్లోగా నమోదు కావాలి, అది ఆస్పత్రివాళ్లే చూశారు. పేరు మాత్రం నమోదైన రోజు నుంచి 12 నెలల్లోపు చేర్పిస్తే ఆలస్య రుసుం ఉండదు. అందుకే స్పెల్లింగ్ తేలకుండా తొందరపడకండి. 2023 అక్టోబరు 1 నుంచి, ఆ తర్వాత పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువుగా స్కూలు అడ్మిషన్ దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్స్ దాకా ఈ కాగితమే చూపించాలి. ఆధార్‌లో పేరు మార్పుకి జీవితంలో రెండే అవకాశాలు. లక్కీ నంబరు సంగతెలా ఉన్నా, అన్ని కాగితాల్లో ఒకే స్పెల్లింగ్ ఉండాలని ఆరు పేజీల్లో ఒక్క ముక్క రాసి ఉంటే ఇంకో స్టార్ ఇచ్చేదాన్ని.

నా రేటింగ్ అయిదుకి రెండు. ఒకటి కూడికలు తప్పు చేయనందుకు, ఇంకొకటి పచ్చ రాయి ఉంగరం వద్దంటే మళ్లీ అడగనందుకు. రెండో బిడ్డకి తగ్గింపు ధర అని మొన్న మెసేజ్ కూడా వచ్చింది.

పోయిన వారం పాపకి ఆధార్ తీయించాం. అయిదేళ్లలోపు పిల్లలకిచ్చే నీలం రంగు కార్డు. పిల్లల వేలిముద్రలు తీసుకోరు, మాలో ఒకరివి చాలు. ఆపరేటర్ ఇంగ్లీషులో పేరు కొట్టి స్క్రీన్ మా వైపు తిప్పాడు. ఏడక్షరాలూ వేలు పెట్టి చదివాను, సరిగ్గానే ఉన్నాయి. దాని కింద తెలుగులో కంప్యూటర్ తనంతట తానే రాసుకుంది: 'సహితి'.

నా భుజం మీంచి చూస్తున్న అత్తయ్య, "నేను అప్పుడే చెప్పలేదుటే? ఒక్క ఏ అయితే 'స' అవుతుందని!" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ అబ్బాయి తెలుగు కీబోర్డు తెరిచి దీర్ఘం వెతుక్కునేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.