గోస్తని వెంబడి బొర్రా నుంచి భీమిలి దాకా

అరకు వెళ్లేవాళ్లంతా బొర్రా గుహలు చూసొస్తారు. వాటిని తొలిచిన నదిని పట్టించుకునేవాళ్లు తక్కువ. అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు నడిచి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తని అది. ఈసారి ఇంటిల్లిపాదీ ఆ నది వెంటే కిందికి దిగాం.

బొర్రాకు పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కి వెళ్లడమే మంచిది. బొడ్డవర దాటాక వరసగా సొరంగాలు, లోయలు. పిల్లలకు అదే సగం యాత్ర. గుహలో 80 మీటర్ల లోతు దాకా సున్నపురాయి. పైన వేలాడే రాళ్ల కొసన నీటిబొట్టు ఊరుతూ, బరువెక్కి, టప్పున పడుతుంది. ఆ రాళ్లలో ఆవు పొదుగును చూసే నదికి గోస్తని అని పేరు పెట్టారని అక్కడివాళ్లు చెబుతారు. మేతకు వచ్చిన ఆవు గుహ కంతలోంచి లోపల పడిందనీ, దాన్ని వెతుకుతూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందనీ కథ. ఇంకో మాట, తణుకు పక్కన పారేది కూడా గోస్తనే. దీనికీ దానికీ సంబంధం లేదు.

ఆ రాత్రి అరకులో దిగిన లాడ్జి నిరాశపరిచింది. వారాంతమని రేటు పెంచారు, వేడినీళ్లు మాత్రం రాలేదు. బస భీమిలిలో పెట్టుకోవడమే నయం.

మాకు బాగా నచ్చింది తాటిపూడి. 1960ల్లో గోస్తని మీద కట్టిన జలాశయం, చుట్టూ కొండలు. విశాఖ జనం తాగే నీళ్లలో కొంత ఇక్కడివే. అయినా టూర్ ప్యాకేజీల్లో దీనికి చోటుండదు, అది అన్యాయం. తినడానికి ఏమైనా వెంట తీసుకెళ్లండి, పూట తెలియకుండా గడిచిపోతుంది.

తగరపువలస దగ్గర హైవే వంతెన మీద నుంచి నదిని ఒక్క క్షణం చూసి భీమిలి చేరాం. డచ్చివాళ్ల సమాధులు చూశాక, ఎండ తగ్గాక పావురాళ్లకొండ ఎక్కండి. నది సముద్రంలో కలిసే చోటు అక్కడి నుంచే బాగా తెలుస్తుంది. కింద ఇసుకమేట దగ్గర మాత్రం పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి, నీళ్ల లాగుడు ఎక్కువ. తిరిగి విశాఖకు బీచ్ రోడ్డు మీదుగా సిటీ బస్సులున్నాయి, కారు మాట్లాడుకోనక్కర్లేదు.