రీమ్యాప్ చేసిన పోలో టీఎస్‌ఐ, మైలేజీ: 62 వేల కిలోమీటర్ల తర్వాత

మా బావ మొదటిసారి నా కారెక్కి కావలి దాకా వచ్చి, దిగాక పికప్ గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. "అంతా బాగుంది గానీ బావా, లీటరుకి ఎంతిస్తుంది?" అన్నాడు. పదకొండున్నర అని చెప్పడానికి నోరు రాలేదు. పద్నాలుగు అన్నాను. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

బండి 2021లో తీసుకున్న ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ. మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్, ఆరు గేర్ల మాన్యువల్. కంపెనీ లెక్క 110 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్, పరీక్షలో వచ్చిన మైలేజీ లీటరుకి 18.24. కొత్తలో నాకు హైవే మీద పదహారున్నర, నెల్లూరు ఊళ్లో పదకొండు వచ్చేది. 18 వేలు తిరిగాక చెన్నైలో స్టేజ్ 1 రీమ్యాప్ చేయించాను, అంటే పార్టులు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) లెక్కలు మార్చి బలం పెంచడం. 31 వేల దగ్గర బుద్ధి ఆగక టర్బో నుంచి పొగని బయటికి తీసుకెళ్లే డౌన్‌పైప్, పెట్టె లేని కోన్ ఎయిర్ ఫిల్టర్, వేరే అల్లాయ్ చక్రాలు, కొంచెం వెడల్పాటి టైర్లు, దానికి తగ్గ స్టేజ్ 2 మ్యాపు. నాకు రొయ్యల మేత వ్యాపారం. వారానికి ఒకసారైనా ఒంగోలు పోయి రావాలి, మధ్యలో గుంటల గట్ల మీద తిరగాలి. నెలకి 1300 కిలోమీటర్లకి తగ్గదు. పెట్రోలు 110 దగ్గర ఉంటే, పదకొండున్నరకీ పదిహేనున్నరకీ తేడా నెలకి మూడు వేల పైమాటే.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. రీమ్యాప్ వల్ల మైలేజీ పడిపోలేదు. స్టేజ్ 1 తర్వాత హైవేలో పావు, అర కిలోమీటరు పెరిగింది కూడా. కింద ఆర్‌పీఎంలోనే టార్క్ అందుతుంది కాబట్టి 60 దాటగానే ఐదో గేరు, 80కి ఆరో గేరు వేసినా ఇంజిన్ మూలగదు. నింపాదిగా పోతున్నంతసేపు ఈసీయూ, పొగలో ఆక్సిజన్ కొలిచే ఓ2 సెన్సర్ చెప్పినట్టే గాలికి సరిపడా పెట్రోలు కొలిచి పోస్తుంది. అక్కడ మ్యాపు చేసేది పెద్దగా ఏమీ లేదు. అందుకే 'మైలేజీ మ్యాప్' అని విడిగా అమ్మేదాంట్లో చాలావరకు ఉండేది పెడల్‌ని మెత్తబరచడమే. ఆ పని మన పాదం ఉచితంగా చేస్తుంది.

మైలేజీ పడింది స్టేజ్ 2 తర్వాత. ఆ సంగతి నాకు నాలుగు నెలలు తెలియనే లేదు. ఎందుకంటే నేను నమ్మింది ఎంఐడీని, అంటే స్పీడోమీటరు దగ్గరుండే చిన్న తెరని. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో లెక్కకట్టి ఈసీయూ చూపే అంకె అది. మ్యాపు మారాక ఆ లెక్కా పక్కకి జరగొచ్చు. నా దాంట్లో 13.6 చూపిస్తుంటే ట్యాంకు లెక్కలో 11.5 వచ్చింది. అప్పట్నుంచి ఒకే బంకు, ఒకే పంపు, గన్ను మొదటిసారి టక్కుమనగానే ఆపేయడం. "ఇంకో యాభై రూపాయలకి రౌండ్ చేయనా సార్" అంటే వద్దనడం. మూడు ట్యాంకుల సగటు తీస్తే తప్ప ఏ మార్పు గురించీ మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాను. పోయి వచ్చిన రెండు వైపులా కలిపే లెక్క, ఒకవైపు ఎదురుగాలి ఉంటే ఆ అంకెకి విలువ లేదు.

టైర్ల వల్ల ఇంకో చిక్కుంది. 195/55 ఆర్16 తీసేసి 205/55 ఆర్16 వేస్తే చక్రం చుట్టుకొలత 1.8 శాతం దాకా పెరుగుతుంది. నెల్లూరు నుంచి కావలి వైపు పోతూ ఫోనులో జీపీఎస్ పెట్టి చూశాను. మీటరు 50 చూపేసరికి ఫోను 50.9 చూపింది. అంటే ఓడోమీటరు తక్కువ తిరుగుతోంది, మైలేజీ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తోంది. పదకొండున్నరని సరిచేస్తే 11.7. సంతోషించేంత తేడా ఏమీ కాదు.

ఇక అసలు దొంగ. డౌన్‌పైప్ వేసినచోటే మళ్లీ అడిగితే "మోడిఫై చేస్తే తాగుతుంది సార్, మామూలే" అన్నారు. మామూలే అనే మాట విన్నప్పుడల్లా నాకు అనుమానం వస్తుంది. ఈసీయూ అంకెల్ని ఫోనుకి పంపే ఓబీడీ డాంగిల్ చౌకగా దొరికేది ఒకటి కొని ఫ్యూయెల్ ట్రిమ్ చూశాను, అంటే మామూలు లెక్క కంటే ఈసీయూ ఎంత శాతం పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తోందో చెప్పే అంకె. లాంగ్ టర్మ్ ట్రిమ్ అయిడిల్‌లో ప్లస్ 14, నెమ్మదిగా పోతుంటే ప్లస్ 11. సున్నాకి అటూ ఇటూ ఐదు లోపల ఉండాల్సిన అంకె అది. అంటే ఈసీయూకి మిక్స్చర్ పల్చగా ఉన్నట్టు కనపడి, ప్రతి చుక్కకీ అదనంగా పదోవంతు పోస్తోంది. విచిత్రమేంటంటే తొక్కినప్పుడు ట్రిమ్ సున్నా దగ్గరికి వచ్చేస్తోంది.

మా వేదాయపాళెం మెకానిక్కి స్క్రీన్ చూపించాను. ఆయన ఫోను వైపు సరిగా చూడను కూడా లేదు. "పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్‌మని సౌండొస్తాందా?" అన్నాడు. వస్తోంది, రెండు నిమిషాలకి పోతోంది, నేను దాన్ని మూడు సిలిండర్ల సౌండు అనుకుంటున్నాను. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా బండి షెడ్డులో పెట్టించి, దుమ్ము ఊదే బ్లోయర్‌ని సైలెన్సర్ గొట్టంలో దూర్చి చుట్టూ తడిగుడ్డ కుక్కాడు. సర్ఫు నీళ్లు సీసాలో పోసి టర్బో, డౌన్‌పైప్ కలిసే చోట పిచికారీ చేశాడు. క్లాంపు కింది వైపున, చెయ్యి పెడితే తప్ప తగలని చోట, చిన్నచిన్న బుడగలు వరసగా పుట్టుకొస్తున్నాయి. గుడ్డతో తుడిస్తే నల్లటి మసి గీత. "ఇట్టా చూడన్నా, నీ డబ్బులు ఈడ నుంచే పోతాండాయి" అన్నాడు.

బయటికి పొగ పోయే కంతకి పెట్రోలు ఎక్కువ ఎందుకు తాగుతుందని నాకూ మొదట అర్థం కాలేదు. ఎగ్జాస్ట్ ఒకే ధారగా పోదు, దెబ్బ దెబ్బగా పోతుంది. తక్కువ లోడులో రెండు దెబ్బల మధ్య పైపులో ఒత్తిడి పడిపోయి, ఆ కంత బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఓ2 సెన్సర్ ఉండేది దాని తర్వాత. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువగా కనపడుతుంది, పెట్రోలు చాలలేదని ఈసీయూ ఇంకాస్త పోస్తుంది. తొక్కినప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి గాలి లోపలికి రాలేదు, అందుకే అప్పుడు ట్రిమ్ బాగుంది. పైపులు కలిసే చోట పెట్టే గ్యాస్కెట్ పాతదే మళ్లీ వాడి క్లాంపు బిగించడం వల్ల వచ్చిన తంటా ఇదంతా. కొత్త గ్యాస్కెట్, కొత్త క్లాంపు, ఒక పూట పని. వారం తిరిగేసరికి ట్రిమ్ ప్లస్ 2కి దిగింది. మూడు ట్యాంకుల సగటు 13.4. ఆ పూటే స్పార్క్ ప్లగ్గులు కూడా మార్చాను, దాని వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఆ తర్వాత పెరిగిన మైలేజీలో చాలావరకు నేను డబ్బులు పెట్టి తగిలించినవి పీకేయడం వల్ల వచ్చిందే. కోన్ ఫిల్టర్ తీసి పాత ఎయిర్ బాక్సు పెట్టాను. ఎండాకాలం ఇంజిన్ పక్కనున్న వేడిగాలిని అది పీలుస్తోంది. పైగా చీమకుర్తి వైపు పోయొస్తే గ్రానైట్ దుమ్ము దాని మీద పిండిలా పేరుకుంటుంది. టైర్లు అరిగాక కంపెనీ సైజుకే వచ్చాను, అల్లాయ్‌లు కూడా పాతవే. వారానికోసారి పొద్దున్నే, బండి కదలకముందే గాలి చూసుకుంటున్నాను. డిక్కీలో ఎప్పుడూ ఉండే రెండు మేత బస్తాలు దింపేశాను. డౌన్‌పైప్ కూడా చివరికి తీసేసి, పాత పైపు, స్టేజ్ 1 మ్యాపు పెట్టించాను. మైలేజీ పరంగా ఆ మార్పుకి తేడా దాదాపు లేదు, కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ టెన్షన్ పోయింది, మా నాయన బండెక్కుతున్నాడు. బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆంక్షలున్నాయి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా ఇవన్నీ చేసి క్లెయిముకి పోతే ఏమవుతుందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

అదనంగా పెట్టుకున్న వాటిలో ఉంచుకున్నది బూస్ట్ గేజ్ ఒక్కటే, టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడిని (బూస్ట్) చూపే ముల్లు మీటరు అది. టర్బో బండిలో కాస్త బూస్ట్ వస్తే కొంపేం మునగదు. గట్టిగా తొక్కి పట్టినప్పుడు మాత్రం ఎగ్జాస్ట్ వేడికి టర్బో మాడిపోకుండా ఈసీయూ కావాలనే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. నా బండిలో లాంబ్డా (గాలికీ పెట్రోలుకీ ఉన్న పాళ్ల కొలత, 1 అంటే సరిగ్గా సరిపోయినట్టు) 1 నుంచి 0.85కి పడిపోవడం చూశాను. అంటే అదే గాలికి 17, 18 శాతం ఎక్కువ పెట్రోలు. గ్రానైట్ లారీని దాటాలంటే ఇదివరకు దాని తోకకి అంటుకుని, సందు దొరకగానే అడుగుకంటా తొక్కేవాణ్ణి. ఇప్పుడు దూరం ఉంచుకుని, లేన్ ఖాళీ కాకముందే మెల్లగా స్పీడు పెంచి దాటేస్తున్నాను. ముల్లు సగం దాటదు. ముసునూరు, టంగుటూరు టోల్‌గేట్లు కనపడగానే గేరులోనే ఉంచి కాలు తీసేస్తాను. గేరులో దొర్లుతుంటే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. న్యూట్రల్ వేస్తే అయిడిల్ కోసం మళ్లీ పెట్రోలు తాగుతుంది. దిగుడులో న్యూట్రల్ వేసి ఆదా చేశామనుకునేవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

వేగం గురించి దాచేదేం లేదు. ఇదే బండి 90 మీద 17.2, 100 మీద 15.8. గాలి అడ్డం వేగానికి వర్గంలో పెరుగుతుంది, 80 నుంచి 100కి పోతేనే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120 మీద ఒకసారి పోయి చూస్తే 12.6. హైవే పరిమితి 100 కాబట్టి ఆ పరీక్ష మళ్లీ చేయలేదు. ఏసీ ఆపి ఆదా చేయమని మాత్రం ఎవరూ చెప్పొద్దు. మే నెలలో సింగరాయకొండ దగ్గర మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఆపి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

పెట్రోలు విషయం. మామూలు పెట్రోలు 91 ఆక్టేన్ ఉన్నప్పుడు ఎండాకాలం ఇంజిన్ నాక్ అయి (లోపల పెట్రోలు అదుపు తప్పి పేలి) స్పార్క్ టైమింగ్ ఐదారు డిగ్రీలు వెనక్కి పోయేది. ఆక్టేన్ ఎక్కువైతే నాక్ తక్కువ. 95 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు ఎక్స్‌పీ95 కొడితే ఒకటి రెండు. అప్పుడు ఎక్కువ పెట్టిన డబ్బులో కొంత తిరిగొచ్చేది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 వచ్చాక మామూలు పెట్రోలు ఆక్టేనే 95 దగ్గరికి చేరింది, ఆ తేడా నాకు కనపడటం లేదు. కానీ ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. నా పుస్తకంలో 15.9 ఉన్న సగటు 15.3కి దిగింది. దీనికి గ్యాస్కెట్ లాంటి మందేమీ లేదు. ట్యాంకులో పోసే మైలేజీ సీసాలు రెండు రకాలు వాడాను. ఖాళీ సీసాలు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు ఊరూ హైవే కలిపి 15.3, ఒక్క ఊళ్లోనే అయితే పదకొండు. మినీ బైపాస్ మీద సాయంత్రం ఆరింటికి ఏ మ్యాపూ ఏమీ చేయలేదు. తీసేసిన ఆ అల్లాయ్‌లు మేడ మెట్ల కింద ఉన్నాయి, వాటి మీద ఇంట్లో వాళ్లు తులసి కుండీ పెట్టుకున్నారు.

పోయిన ఆదివారం బావతో కలిసి ఒంగోలు పోయొచ్చాం. ఎంఐడీ అంకెని సరిచేసుకుంటే పోయేటప్పుడు 16.1, నేను నడిపాను. "నిజంగానే ఇస్తాందే బావా" అని తాళం తీసుకున్నాడు. వచ్చేటప్పుడు 12.4.