నాగావళి నుంచి వంశధార మొగ దాకా గాలం వేట: ఎక్కడ మర్యాద దొరికింది, ఎక్కడ డబ్బులు పోయాయి

విజయనగరం, శ్రీకాకుళం వైపు గాలాలేసుకుని వెళ్దాం అనుకునేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, ఫోన్లో "ఫిషింగ్ ప్యాకేజీ" అని మాట్లాడేవాడికి ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు కొట్టకండి. తిన్నగా గట్టు మీదకి వెళ్ళండి, అక్కడ వల ఆరబెట్టుకుంటున్న మనిషిని అడగండి, ఆ ఇచ్చేదేదో ఆయన చేతిలోనే పెట్టండి. మాకేం జరిగిందో రేట్లతో సహా రాస్తున్నాను.

వెళ్ళింది నేను, మా బావ, మా చిన్నాన్న. చిన్నాన్నది బొబ్బిలి దగ్గర పల్లె, చిన్నప్పట్నుంచీ చెరువు గట్టు మీదే పెరిగిన మనిషి, ఆయనకి వెదురు గెడ, బెండు, వానపాములు ఉంటే చాలు. బావ మాత్రం విశాఖలో 2,650 పెట్టి కొత్త రాడ్డూ రీలూ కొన్నాడు, దాన్ని ఎప్పుడు నీళ్ళలో వేస్తానా అని ఆత్రం. సంక్రాంతికి ముందు, చలి బాగా ఉన్న రోజుల్లో బయల్దేరాం. తాటిపూడి దారిలో ఆగాం, గోస్తనీ మీద కట్టిన రిజర్వాయర్, విశాఖకి ఇక్కడ్నుంచి కూడా మంచినీళ్ళు పోతాయి, చుట్టూ కొండలు, చూడ్డానికి చాలా బాగుంది, అక్కడ మేం గాలం తియ్యలేదు, టీ తాగి కదిలాం.

ఇక ప్యాకేజీ సంగతి. ఏ రిజర్వాయరో పేరు రాయను, ఎందుకంటే తప్పు ఊరిది కాదు. ఒకడు బావకి ఫోన్లో నాలుగు ఫొటోలు పంపాడు, నీటి ఒడ్డున కాటేజీ, పసుపు రంగు పడవ, చేతిలో పెద్ద కొర్రమీను. మనిషికి 2,800, ముగ్గురికి 8,400, అందులో రూము, రెండు పూటలా భోజనం, పడవ, ఎరలు, "పర్మిషన్ అంతా మేమే చూసుకుంటాం సార్" అన్నాడు. ముందు 4,000 ఫోన్లో వేయించుకున్నాడు. మేం వెళ్ళేసరికి కాటేజీ లేదు, బజార్లో పశువుల దాణా అమ్మే కొట్టు మీద ఒక గది, నీళ్ళు కనిపించాలంటే కారేసుకుని పావుగంట పోవాలి. బాత్రూములో బకెట్టు ఉంది, మగ్గు లేదు, దుప్పట్లు తడిగా ఉన్నాయి, రాత్రంతా తవుడు వాసన. చిన్నాన్నకి ఆస్తమా, ఆయన రెండింటికి లేచి కార్లో పడుకున్నాడు. భోజనం అని పంపింది చల్లారిపోయిన అన్నం, నీళ్ళ సాంబారు, ఒక గుడ్డు. పక్కన రిజర్వాయర్ పెట్టుకుని చేపల ఊళ్ళో గుడ్డు పెట్టాడంటే వాడికి ఆ నీళ్ళతో ఏ సంబంధమూ లేదని అప్పుడే అర్థమైంది.

పొద్దున్న గట్టు మీదకి వెళ్తే పడవా లేదు, పసుపు రంగూ లేదు. బావ రాడ్డు బిగిస్తుంటే తెప్ప మీంచి ఒక పెద్దాయన కేకేశాడు, "ఏటి బాబూ, ఎవులు రమ్మన్నారు మిమ్మల్ని, ఎవుల్నడిగి ఏస్తన్నారు?" అని. మేం విషయం చెప్తే ఆయన కోపం మా మీంచి వాడి మీదకి మళ్ళింది. ఆయన చెప్పింది ప్రతి ఒక్కళ్ళూ తెలుసుకోవాల్సిన మాట. రిజర్వాయర్లో మత్స్యశాఖ చేపపిల్లల్ని వదులుతుంది, వాటిని పట్టుకునే హక్కు లైసెన్సున్న మత్స్యకారులది, వాళ్ళ సంఘాలది. ఊరి చెరువులయితే లీజు కడతారు, లీజు కట్టినోళ్ళ చెరువులో అడక్కుండా గాలం వేస్తే అది దొంగతనం కిందే లెక్క. "మా సేపలు సూపించి ఆడు మీ కాడ డబ్బులు తీసీసుకుంటన్నాడు, మాకొక్క రూపాయి రాదు, మీరొచ్చి గొడవాడితే మళ్ళీ మాకే సెడ్డపేరు" అన్నాడు. ఆ మాట నాకు చాలా బాధనిపించింది, పోయిన డబ్బుల కంటే ఎక్కువగా.

వాడికి ఫోన్ చేస్తే మొదట ఎత్తలేదు, తర్వాత "పడవ రిపేరుకిచ్చాం" అన్నాడు, ఆ తర్వాత "మీరే లేటుగా వచ్చారు" అన్నాడు. చిన్నాన్న ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు ఫోన్ లాక్కుని వాడి ఊరూ ఇంటిపేరూ అడిగేసరికి 1,500 వెనక్కి వేశాడు. మిగతా 2,500 ఇప్పటికీ రాలేదు, నెంబరు కూడా బ్లాక్ చేశాడు. పైగా వెళ్ళేముందు రోజు వీడే ఇంకో మాట కూడా అన్నాడు, రాత్రికి అడవిలోకి తీసుకెళ్తా, అడవిపంది గానీ అడవికోడి గానీ ఏర్పాటు చేస్తా, అదనంగా 5,000 అని. బావ వద్దని మొహం మీదే చెప్పాడు. దయచేసి ఇలాంటి మాటలకి ఎవరూ ఒప్పుకోకండి. 1972 నుంచీ వన్యప్రాణి చట్టం ఉంది, అడవిపంది, కుందేలు, కముజుపిట్ట ఏది కొట్టినా కేసే, తుపాకీ వేట అనేది మన తాతల కాలంతోనే అయిపోయింది. పైగా పందికోసం పొలాల్లో కరెంటు తీగలు పెట్టే చోట్ల చీకట్లో నడిస్తే మన ప్రాణమే పోతుంది.

ఆ పెద్దాయన మమ్మల్ని వెనక్కి పంపలేదు. సంఘంలో ఇంకొకళ్ళని అడిగి, మనిషికి 100 సంఘానికి ఇమ్మన్నారు, వలలు లేని వైపు ఒక మూల చూపించారు, రెండు కిలోలు దాటితే మిగతాది వాళ్ళ రేటుకి తూకం వేసి కొనుక్కోవాలి అన్నారు. ఇంతకంటే న్యాయమైన ఒప్పందం ఏముంటుంది. తవుడు, వేరుశెనగ చెక్క కలిపి ఉండలు చేసి వేస్తే మోసు పిల్లలు పడ్డాయి, చిన్నాన్న వెదురు గెడకి ఒక మంచి శీలావతి పడింది, బావ రీలుకి మధ్యాహ్నం దాకా ఏమీ తగల్లేదు, మొహం ముడుచుకుని కూర్చున్నాడు. చలికాలం కొర్రమీను అంత తొందరగా ఎర తీసుకోదు, ఎండ ఎక్కాక నాచు అంచుల్లో గాలి పీల్చుకోడానికి పైకొచ్చినప్పుడు చూసుకోవాలి. అక్కడ చిన్నాన్న బావకి ఒక మాట గట్టిగా చెప్పాడు. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదుల్తూ కనిపిస్తే కింద తల్లో తండ్రో ఉన్నట్టు, ఆ పిల్లల్ని అదే కాస్తుంది, దానికి గాలం వేస్తే పిల్లలన్నీ పక్క చేపలకి మేతే. "అక్కడ మాత్రం ఎయ్యకురా అల్లుడూ" అన్నాడు. చాలామంది అది సులువైన చేప అని కావాలనే ఆ గుంపులో వేస్తారు, అది తప్పు, నేను చిన్నాన్న వైపే.

తోటపల్లి దగ్గర ఒక పూట ప్రశాంతంగా గడిచింది. పార్వతీపురం నుంచి పాలకొండ వెళ్ళే రోడ్డు మీదే వస్తుంది, నాగావళి మీద 1908 నాటి పాత రెగ్యులేటర్, 2015లో ప్రారంభించిన కొత్త బ్యారేజీ, పక్కనే వెంకటేశ్వరస్వామి గుడి, చిన్నాన్న దర్శనం చేసుకున్నాడు. ఇప్పుడిది పార్వతీపురం మన్యం జిల్లా, కానీ విజయనగరం వాళ్ళకి ఇంకా మనదే. ఈ వైపు తెల్లవారుజామున చీకట్లో గాలాలకి వెళ్ళకండి. ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్ళుగా కొమరాడ, కురుపాం వైపు తిరుగుతూనే ఉన్నాయి, పొలాలు తొక్కేస్తున్నాయి, మనుషులూ చనిపోయారు, 2023లో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి పోయాయి. టీ కొట్టు దగ్గర ఏనుగులు ఎటున్నాయో అడిగి కదలండి, అక్కడివాళ్ళకి ఆ రోజు సంగతి ఆ రోజు తెలుస్తుంది.

హిరమండలం గొట్టా బ్యారేజీ గురించి నా సలహా ఒక్కటే, చూసి రండి, గేట్ల కింద మాత్రం గాలం వెయ్యకండి. నీళ్ళు దూకే చోట చేప ఎక్కువ ఉంటుందన్న మాట నిజమే, అందుకే కుర్రాళ్ళు రాళ్ళ మీద కూర్చుంటారు. కానీ వంశధారా నాగావళీ రెండూ ఒడిశా కలహండి కొండల్లో పుట్టిన నదులు, ఇక్కడ ఆకాశం తెల్లగా ఉన్నా పైన వాన పడితే గేట్లు ఎత్తుతారు, నీళ్ళు చూస్తుండగానే వచ్చేస్తాయి. మాకు ఒడ్డు మీద ఒకాయన గట్టిగానే చెప్పి లేపేశాడు, బావ గొణిగాడు గానీ ఆయన చేసింది మంచిపని.

రాత్రికి శ్రీకాకుళం టౌన్లో లాడ్జి, ముగ్గురికి 1,600, వేడినీళ్ళున్నాయి, శుభ్రంగా ఉంది, ఐస్ బాక్సు లోపలికి తెచ్చుకుంటామంటే కూడా ఏమీ అనలేదు.

మొత్తం ప్రయాణంలో మనసు నిండింది కళింగపట్నం దగ్గర. శ్రీకాకుళం నుంచి గార మీదుగా వెళ్ళాం. వంశధార సముద్రంలో కలిసే మొగ, అటు లైట్‌హౌసు, ఇటు తాటిచెట్లు. మొగలో ఎప్పుడు పడితే అప్పుడు వేస్తే లాభం లేదు, పోటు ఎక్కేటప్పుడు సముద్రం నీళ్ళతో పాటు చేప లోపలికొస్తుంది, అమావాస్యకీ పున్నానికీ ఆ పోటు ఇంకా బలంగా ఉంటుంది. మేం 50 రూపాయలకి బతికున్న రొయ్యలు కొన్నాం, ఒడ్డున ఉన్న ఒక మత్స్యకార కుర్రాడికి ఒక పూటకి 400 ఇచ్చి పక్కనే ఉండమన్నాం, ఎక్కడ లోతు, ఎక్కడ ఊబి అన్నీ చూపించాడు. కొయ్యంగలు వరసగా కనిపిస్తున్నాయి గానీ గాలానికి అంత సులువుగా రావు, అవి వలకే పడతాయి. బావ మాత్రం ఆఖరికి బతికున్న రొయ్య గుచ్చి ఒక పండుగప్పని లాగాడు, కిలోన్నర ఉంటుంది, రీలు కర్రుమంటుంటే కేకలు, ప్యాకేజీ గొడవ నుంచీ ముడుచుకుని ఉన్న మొహం అప్పుడు విచ్చుకుంది, వెంటనే అక్కకి వీడియో కాల్.

దాన్ని ఎక్కడ వండించాలి అంటే ఆ కుర్రాడు వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్న తాటాకు పాక, రెండు బల్లలు, బోర్డు కూడా లేదు. చిన్నాన్న "అప్పా (మా వైపు అక్కని అలాగే పిలుస్తారు), కొంచెం కారం తగ్గించి వండుతావా" అని అడిగితే "కారం తగ్గితే అది పులుసేటి బాబూ, ఓ ముద్ద పెరుగన్నం ఎడతాను, తినండి" అంది. వండి పెట్టడానికి కిలోకి 150, అన్నం మనిషికి 60. మట్టి దాకలో పుల్లల పొయ్యి మీద, చింతపండు పల్చగా పోసి, ఎండబెట్టిన మామిడికాయ ముక్కలు వేసి, ముక్కని గరిటెతో కదపకుండా దాకనే పట్టుకుని తిప్పుతూ వండింది. నేను విశాఖలో 450 పెట్టి తిన్న ఏ చేపల పులుసూ దీని దగ్గరికి రాదు. ముక్క తెల్లగా పొరలు పొరలుగా విడిపోతోంది, పులుసులో పులుపు చివర్లో తగుల్తోంది, చిన్నాన్న కారమనకుండా మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. వచ్చేటప్పుడు 500 ఇస్తే లెక్కేసుకుని చిల్లర తిరిగిచ్చేసింది, ఎంత బతిమాలినా ఎక్కువ తీసుకోలేదు. మర్నాడు పొద్దున్న కావాలనే మళ్ళీ అక్కడికే వెళ్ళాం, చోడంబలి (రాగి అంబలి), ఎండు నెత్తళ్ళ వేపుడు, ముగ్గురికీ కలిపి 120. నాలుగు వేల అడ్వాన్సు తీసుకున్నవాడు గుడ్డు పెట్టాడు, ఈమె ఎవరో తెలియని మాకు కడుపునిండా పెట్టింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

అక్కడ ఒడ్డు వెంట నడిచేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు రాత్రిపూట ఇసుకలో గుడ్లు పెడతాయి, ఆలివ్ రిడ్లీ అంటారు. నైలాను దారం ముక్కలు, విరిగిన గాలాలు ఇసుకలో వదిలేసి రాకండి, బావ తెంపి పడేసిన దారం నేనే ఏరి జేబులో పెట్టుకున్నా.

తిరుగు దారి పట్టకముందు టెక్కలి వైపు తేలినీలాపురం వెళ్ళాం, అక్కడ గాలం తియ్యాల్సిన పనే లేదు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుని ఉంటాయి, వానాకాలం చివర్లో వచ్చి ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి. అవి మేతకి నౌపడ వైపు చిత్తడి నేలలకి పోతాయి, అంటే చేప వేటలో మనకంటే అవే ముందు. ఆ ఊరివాళ్ళు పిట్టలొస్తేనే ఊరికి మంచిదని నమ్ముతారు, ఒక్కదాన్నీ ముట్టుకోరు. వేట వేట అని తుపాకుల మాటలు చెప్పేవాళ్ళని ఒకసారి ఈ చెట్ల కింద నిలబెట్టాలి. చిన్నాన్న అక్కడ గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, బావే తొందరపెట్టాడు. భావనపాడు కూడా చూద్దామనుకున్నాం గానీ మూలపేట పోర్టు పనుల లారీలతో రోడ్డంతా దుమ్ము, చిన్నాన్న ఆయాసం గుర్తొచ్చి వెనక్కి తిరిగాం.

పెట్రోలు 3,100 అయింది. మీరు వేసవిలో ప్లాన్ చేసుకుంటే మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం, 61 రోజులు, గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో సముద్రం చేప ఎవరైనా "ఇప్పుడే దిగింది" అని అమ్మితే మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా లేకపోతే అది ఐసులో ఉన్నదే, తెప్పల వాళ్ళ దగ్గర దొరికే చిన్న చేపే కొనుక్కోండి.