హైదరాబాద్ నిజాంపేటలో చెరువు పక్కన కొత్త టవర్లు: చూసొచ్చాక నా అభిప్రాయం

మా మరిది ఫ్లాట్ కొంటానంటే, రెండు వారాల కింద మా కాలనీ వెనకే లేస్తున్న టవర్ల దగ్గరికి సైట్ విజిట్‌కి వెళ్లాం. కంపెనీ పేరు రాయను.

మోడల్ ఫ్లాట్ బాగుంది, ఆ మాట దాచను. తూర్పు వాకిలి, విశాలమైన వంటిల్లు, గాలీ వెలుతురూ. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రెరా ఇచ్చిన నంబరు అడగ్గానే చూపించారు. సేల్స్ అబ్బాయి మర్యాదగా బాల్కనీలోకి తీసుకెళ్లి "లేక్ వ్యూ మేడమ్" అన్నాడు. "ఎంత బాగుందో చూడు వదినా" అని మరిది మురిసిపోయాడు. నా కళ్లు మాత్రం అలుగు మీదే ఉన్నాయి.

మేం ఇక్కడికొచ్చి 14 ఏళ్లు. చెరువు నిండితే నీళ్లు అలుగు దూకి, ఇప్పుడు వీళ్ల రెండో టవర్ ఉన్న పక్క నుంచి కాలువలో పోయేవి. ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పుండేది ఆ కాలువ. దాన్ని ఒక సిమెంటు పైపులోకి దించి, పైన మట్టి పోసి లాన్ వేశారు. కిందికి దిగి పైపు మూతి దగ్గర వంగి చూశాను. గుర్రపుడెక్క, పాల ప్యాకెట్లు, ఒక తెగిన చెప్పు. వానలు ఇంకా మొదలవకుండానే సగం పూడిపోయింది.

2020 అక్టోబర్ వానలకి మా సెల్లార్‌లో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. వాచ్‌మన్, అతని భార్య పిల్లల్ని భుజాన వేసుకుని అర్ధరాత్రి మా ఇంటికి ఎక్కి వచ్చారు. అప్పుడు ఆ కాలువ తెరిచే ఉంది.

25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. మీరెంత వదిలారని అడిగితే "అన్నీ అప్రూవ్డే మేడమ్" అన్నాడు. కాలువ ప్లాన్ అడిగితే ఇంజినీర్ ఫోన్ చేస్తారన్నాడు. ఇంతవరకు చేయలేదు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల పక్కన ఎన్ని కట్టడాలు కూల్చారో చూశాం. లోన్ పెట్టి కొనేవాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు?

మూడు సెల్లార్ల కోసం తవ్వినప్పుడు ఊటనీళ్లను నెలల తరబడి రాత్రీపగలూ మోటార్లతో తోడి రోడ్డు మీదికి వదిలారు. ఆ ఎండాకాలమే మా బోరు మొదటిసారి ఎండింది. ఇప్పుడు వారానికి రెండు ట్యాంకర్లు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది చెరువుగట్టు దారి. సద్దుల బతుకమ్మ నాడు మా కాలనీ ఆడవాళ్లమంతా ఆ దారినే వెళ్లి బతుకమ్మల్ని నీళ్లలో వదిలేవాళ్లం. బ్రోచర్‌లో అదే దారి "రెసిడెంట్స్ వాకింగ్ ట్రాక్" అయింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఉన్నాడు.

ఇంటి పనితనానికి 4 స్టార్లు, చుట్టుపక్కలవాళ్లను పట్టించుకున్నందుకు 1. మరిది ఇంకా టోకెన్ కట్టలేదు. చూడటానికి వెళ్లేవాళ్లు క్లబ్‌హౌస్ తర్వాత చూడొచ్చు, ముందు రెండో టవర్ వెనక పైపు మూతి చూపించమనండి.