హేచరీ ఆల్గే గదికి కొన్న ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

ఉప్పాడ తీరంలోని ఒక రొయ్యల హేచరీలో ఆల్గే గది బాధ్యత నాది. జోయియా అనే లార్వా దశలో ఉన్న వెనామీ రొయ్య పిల్లలకు మేతగా వేసే కీటోసిరస్ అనే సూక్ష్మ ఆల్గేను ఫ్లాస్కుల్లో మొదలుపెట్టి, కార్బాయ్‌లనే పెద్ద సీసాలకు, అక్కడి నుంచి ట్యాంకులకు పెంచుకుంటూ పోతాం. ఫ్లాస్కులో ప్రోటోజోవా గానీ బాక్టీరియా గానీ చేరితే ఆ సంగతి రంగు మారేదాకా కంటికి తెలియదు. తెలిసేసరికి ట్యాంకంతా పోతుంది. అందుకే ప్రతి ఉదయం ఒక్కో ఫ్లాస్కు నుంచి ఒక్కో చుక్క తీసి స్లైడు మీద చూస్తాం. ఆ పనికి పాత మైక్రోస్కోపు చాలక నిరుడు కొత్తది కొన్నాం.

పాతది కాలేజీ ప్రయోగశాలల్లో కనిపించే మామూలు బ్రైట్‌ఫీల్డ్ రకం, అంటే వెలుగు నేపథ్యం మీద వస్తువును చూపేది. దాని డబ్బా మీద 1500 రెట్లు అని గొప్పగా ముద్రించారు గానీ, ఆ అంకెను నమ్మి కొనడం పొరపాటని మాకు ఆలస్యంగా తెలిసింది. ఎంత సన్నని వస్తువును విడివిడిగా చూడగలమన్నది ఆబ్జెక్టివ్ (వస్తువు వైపు లెన్సు) న్యూమరికల్ ఎపర్చర్‌ను, అంటే అది ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టగలదన్న దాన్ని బట్టి ఉంటుంది. 1.25 ఎపర్చర్ ఉన్న 100ఎక్స్ ఆయిల్ ఆబ్జెక్టివ్‌తో, ఆకుపచ్చ వెలుగులో, దాదాపు 0.27 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఆ హద్దు వస్తుంది. ఆపైన ఐపీస్ (కంటి వైపు లెన్సు) మార్చి ఎన్ని రెట్లు పెంచినా మసకే పెద్దదవుతుంది.

అయినా మా అసలు ఇబ్బంది పరిమాణం కాదు. రొయ్య పిల్లలకు జబ్బు తెచ్చే విబ్రియో అనే బాక్టీరియా సుమారు అర మైక్రాన్ మందం, రెండు మైక్రాన్ల పొడవు ఉంటుంది కాబట్టి 400 రెట్ల దగ్గరే అందాలి. కానీ రంగు వేయని బాక్టీరియా సముద్రపు నీటిలో గాజుముక్కలా పారదర్శకంగా ఉండి, ఎదురుగా ఉన్నా కనబడదు. కాంతిని తగ్గించే ఐరిస్ మూస్తే కాస్త తేలుతుంది గానీ ప్రతి కణం చుట్టూ అంచులు రెండుగా చీలి, ఏది కణమో ఏది నలకో తెలియకుండా పోతుంది. బాక్టీరియాకు రంగు వేసే గ్రామ్ స్టెయిన్ చేద్దామంటే, ఆరిన చుక్కలో ఉప్పు స్ఫటికాలు పేరుకుంటాయి. పైగా కదలిక చూసే అవకాశం పోతుంది. మాకు కదలికే ముఖ్యం. నీటి అణువుల తాకిడికి ఉన్నచోటనే వణికే నలకకు, ఒక దిక్కు పట్టి పోయే బాక్టీరియాకు తేడా పట్టుకోగలిగితే సగం పని అయినట్టే.

డచ్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికెకు 1953లో నోబెల్ తెచ్చిన ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతి సరిగ్గా ఇందుకే పనికొస్తుంది. కణం గుండా వచ్చిన కాంతిలో కలిగే స్వల్పమైన వెనుకబాటును అది వెలుగునీడల తేడాగా మారుస్తుంది. కొత్త మైక్రోస్కోపులో మొదటిరోజు మేం చూసిన చుక్కలో, బూడిదరంగు నేపథ్యం మీద నల్లని పుల్లముక్కల్లా బాక్టీరియా ఈదుతుంటే, అంతకుముందు వారం అదే ఫ్లాస్కును శుభ్రంగా ఉందని రాసుకున్న నా నోట్‌బుక్కు నాకే నవ్వు తెప్పించింది.

కొనేటప్పుడు చేసిన ఒక మంచి పని చెబుతాను. డీలరు చూపించే రంగు వేసిన ఉల్లిపొర స్లైడు ఏ మైక్రోస్కోపులోనైనా అందంగానే ఉంటుంది. మేం చెడిపోయిన ఫ్లాస్కు ఒకటి, మంచిది ఒకటి వెంట తీసుకెళ్లి, మూడు మోడళ్లలో అవే రెండు చుక్కలు చూశాం. కంపెనీ పేరు కంటే ఆబ్జెక్టివ్ మీద చెక్కిన అంకెలు చదవడం మేలు: 40/0.65 అంటే రెట్లు, ఎపర్చర్, 0.17 అంటే కవర్‌స్లిప్ మందం మిల్లీమీటర్లలో. ఫేజ్ ఆబ్జెక్టివ్ అయితే పీహెచ్ (Ph) అనే గుర్తు, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకెకు సరిపడే వలయం కండెన్సర్‌లో, అంటే స్టేజి కింద కాంతిని కూడగట్టే భాగంలో లేకపోతే డబ్బు దండగ. ఫ్లాస్కు అడుగు నుంచి చూసే ఇన్వర్టెడ్ రకం జంతుకణాల కల్చర్‌కు తప్పనిసరి గానీ, చుక్క తీసి చూసే మాకు అనవసరం.

లోపాలు లేకపోలేదు. దళసరి కణాల చుట్టూ వెలుగు వలయం ఏర్పడి, కీటోసిరస్ ముళ్లకు అంటుకున్న బాక్టీరియాను దాచేస్తుంది. కండెన్సర్‌లోని వలయాన్ని ఆబ్జెక్టివ్‌లోని వలయంతో, ఐపీస్ స్థానంలో పెట్టే సెంటరింగ్ టెలిస్కోపులో చూస్తూ కలపడం తరచూ చేయాల్సిందే. ఎవరో కండెన్సర్‌ను కదిపితే చిత్రం చప్పబడిపోతుంది, కారణం తెలియని కొత్త కుర్రాళ్లు ఫ్లాస్కును నిందిస్తారు. ఉప్పుగాలికి స్టేజి క్లిప్పు స్క్రూ మూడు నెలల్లోనే తుప్పు పట్టింది, మార్చడానికి సర్వీసు వాళ్లు ఐదు వారాలు తీసుకున్నారు. లెన్సులకు బూజు రాకుండా రాత్రిపూట సిలికాజెల్ పెట్టిన పెట్టెలో ఉంచుతున్నాం. దాంతో వచ్చిన కెమెరా కదిలే జీవులను పట్టలేక అల్మారాలో పడి ఉంది. ఎల్‌ఈడీ దీపం మాత్రం కరెంటు పోయినా బ్యాటరీ మీద వెలగడం మా ఊళ్లో పెద్ద సౌకర్యం.

ఆల్గే గదికి, రొయ్య పిల్లల ఒంటి మీద పట్టే జూథామ్నియం అనే ప్రోటోజోవాను చూసుకోవడానికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రొయ్యల్లో తెల్లమచ్చల జబ్బు తెచ్చే వైట్‌స్పాట్ వైరస్ కోసం మాత్రం ఎవరూ కొనవద్దు, అది ఈ తరహా మైక్రోస్కోపుకు చిక్కదు. రొయ్య పరాన్నజీవి ఇహెచ్‌పీకి చెందిన, ఒక మైక్రాన్ పొడవున్న స్పోర్లు కంటికి ఆనినా బాక్టీరియాతో పొరబడతాం కాబట్టి, ఆ రెంటికీ మేం ఇప్పటికీ నమూనాలు పీసీఆర్ అనే జన్యు పరీక్షకే పంపుతున్నాం.