ఫిస్టులా మూయడానికి ఏ పొర మేలు: డార్టోసా, ట్యూనికా వెజైనాలిసా?

"బాబుకి రెండు ధారలు వస్తున్నాయి డాక్టరుగారూ." పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి బరంపురం వచ్చే తల్లులు నా ఎదుట కూర్చోగానే చెప్పే మాట ఇది. మూత్రరంధ్రం అంగం చివర కాక అడుగున ఉండే పుట్టుకలోపానికి, అంటే హైపోస్పేడియాస్‌కు, ఆపరేషన్ అయింది, మూత్రం పోయే గొట్టం తీసేశారు, గండం గడిచిందనుకున్నారు. కొన్నాళ్లకు చూస్తే ధార ముందు నుంచే వస్తోంది కానీ, అంగం అడుగున మరో చోట చుక్కలు కారుతున్నాయి. కొత్తగా కట్టిన మూత్రనాళం నుంచి చర్మానికి దారి పడింది. దాన్నే ఫిస్టులా అంటాం.

ఆ రంధ్రాన్ని కుట్టి పైన చర్మం కప్పేస్తే చాలదా అని అడుగుతారు. సూదిమొన అంత రంధ్రానికి ఒక్కోసారి చాలుతుంది. అంతకన్నా పెద్దదైతే, లోపలి కుట్టు మీదే పై కుట్టు పడుతుంది కనుక మూత్రం మళ్లీ అదే దారి పడుతుంది. అందుకే ఆ రెండు కుట్ల మధ్య రక్తప్రసారం ఉన్న పొరను, దాని రక్తనాళాలు తెగకుండా, తిప్పి పరుస్తాం. ఏ పొర అన్నదే ప్రశ్న.

డార్టోస్ అంటే అంగం చర్మానికి అడుగున ఉండే పలుచని పొర. అక్కడికక్కడే దొరుకుతుంది, వేరే గాటు అక్కర్లేదు, ఆపరేషన్ త్వరగా ముగుస్తుంది. ఒక్కసారే ఆపరేషన్ అయి, చర్మం మెత్తగా ఉన్న పిల్లవాడికి నేను దీన్నే వాడతాను. ఒక పక్క నుంచే లాగి పరిస్తే అంగం ఆ పక్కకు మెలి తిరగవచ్చు. పొరను చర్మం నుంచి మరీ పలుచగా ఒలిస్తే పైచర్మానికే రక్తం అందక నల్లబడుతుంది. రెండు మూడు ఆపరేషన్లు అయిన చోట అసలు ఆ పొరే మిగలదు, మచ్చకట్టిన గట్టి కణజాలమే చేతికి తగులుతుంది. అటువంటి చోట డార్టోస్ కోసం పట్టుబట్టడం పొరపాటని నా గట్టి అభిప్రాయం.

అప్పుడు ట్యూనికా వెజైనాలిస్ వైపు వెళతాను. ఇది వృషణాన్ని చుట్టి ఉండే సంచి. దీన్ని హైపోస్పేడియాస్‌కు వాడే పద్ధతిని 1986లో స్నో అనే సర్జన్ వివరించాడు. వృషణసంచి మీద చిన్న గాటు పెట్టి తెరిస్తే తళతళలాడుతూ కనిపిస్తుంది. కోడిగుడ్డు పెంకు లోపలి పొరలాగా పలుచన, కానీ దానికన్నా గట్టిది. పాత ఆపరేషన్ల కత్తి దీన్ని తాకి ఉండదు, రక్తప్రసారమూ దానికి వేరుగా ఉంటుంది. దానికి రక్తం తెచ్చే కాడను పైకి, గజ్జల దాకా విడదీసి, చర్మం కింద సొరంగంలోంచి రంధ్రం మీదికి తెస్తాం. కాడ పొట్టిగా మిగిలితే అంగాన్ని కిందికి లాగేస్తుంది, కాబట్టి ఆ విడదీయడంలో తొందర పనికిరాదు.

"బిడ్డ కాయకు ఏమైనా అవుతుందా బాబూ?" అని తండ్రులు గొంతు తగ్గించి అడుగుతారు. తీసేది పైసంచిలో ముక్క మాత్రమే, వృషణాన్ని కోయం, తిరిగి దాని చోట కూర్చోబెట్టి కుట్టు వేస్తాం. అయితే లోపల రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం, అరుదుగా వృషణం పైకి జరగడం ఉన్నాయి. దాచకుండా చెబుతాను.

నాకు ఒక్కటే ఎంచుకోమంటే: మొదటిసారి పడిన చిన్న రంధ్రానికి డార్టోస్, మళ్లీ పడినదానికి, పెద్దదానికి, మచ్చల మధ్య ఉన్నదానికి ట్యూనికా. మూడో ప్రయత్నం దాకా ఆగి ట్యూనికాకు వెళ్లడం కన్నా రెండోసారికే వెళ్లడం బిడ్డకు మేలు.

ఏ పొర వేసినా, మూత్రనాళం చివర ఇరుకుగా ఉంటే ఆ పొర నిలవదు. ముందు దారి మూసుకుపోతే నీరు గట్టు తెంచుకున్నట్టే. అందుకే మత్తు ఇచ్చాక చివరి నుంచి సన్నని గొట్టం పోనిచ్చి చూస్తాం. నీలి రంగు కలిపిన సెలైన్ ఎక్కిస్తే రంధ్రంలోంచి నీలి బొట్టు పైకి ఉబుకుతుంది. ఒకటే అనుకున్నచోట రెండోది బయటపడిన రోజులూ ఉన్నాయి. పాత ఆపరేషన్ అయి కనీసం ఆరు నెలలు గడవాలి, వాపు దిగి చర్మం మెత్తబడాలి. తొలి వారాల్లో కొన్ని చిన్న రంధ్రాలు తమంతట తామే మూసుకుంటాయి కూడా. ఇంకా మొదటి ఆపరేషనే కాని బిడ్డకైతే సున్తీ చేయించవద్దు, ఆ చర్మం మాకు కావాలి.

నౌపడా జంక్షన్‌లో రైలు దిగి ఇటు బరంపురం రావాలా, అటు విశాఖ వెళ్లాలా అని అడిగే వాళ్లకు నా మాట: పిల్లల సర్జన్ ఎక్కడ ఉంటే అక్కడికి, ఆపరేషన్ తర్వాత త్వరగా చేరగలిగే చోటికి వెళ్లండి. ట్యూనికా వాడిన రాత్రి వృషణసంచి హఠాత్తుగా ఉబ్బితే గంటల్లో చూడాలి. కనుక గుణుపురం అంత దూరం నుంచి వచ్చిన పిల్లలను, వారం పది రోజులకు గొట్టం తీసేదాకా, నేను ఇంటికి పంపను.