కీనై నదిలో జూలై సాల్మన్, సెప్టెంబరు ట్రౌట్

మేముండే సియాటిల్ నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌కి విమానంలో మూడున్నర గంటలు. అక్కడి నుంచి మొదట సముద్రపు పాయ పక్కనే సాగే దారిలో కారులో దాదాపు 100 మైళ్లు వెళితే కూపర్ ల్యాండింగ్, కీనై నది మొదలయ్యే చోటు. ఒకసారి జూలై ఆఖరులో ముగ్గురు స్నేహితులతో వెళ్లాను. మరుసటి ఏడాది సెప్టెంబరు రెండో వారంలో, రాజమండ్రి నుంచి వచ్చిన నాన్నను తీసుకెళ్లాను. రెండుసార్లూ గైడ్‌ని మాట్లాడుకున్నాం. మొదటిసారి ఆ ఖర్చు అనవసరం అనిపించింది. రెండోసారి ఒక్క రోజుకే ఎందుకు మాట్లాడానా అని బాధపడ్డాను. గైడ్లలో తేడా ఉన్న మాట నిజమే. కానీ అసలు తేడా నెలలో ఉంది. అందుకే వెళ్దామనుకునేవాళ్లు బస సంగతి చూడకముందే ఏ నెలలో, ఏ చేప కోసం వెళ్తున్నారో తేల్చుకోవాలి.

జూలై అంటే సాకై. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏరు ఎక్కే సాల్మన్ ఇది. గోదావరి జిల్లాల వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు, వరద నీటికి పులస ఎదురెక్కినట్టే. మంద ఎంత వస్తోందో అలాస్కా మత్స్యశాఖ వాళ్లు నదిలో సోనార్ (ధ్వని తరంగాలతో చేపల్ని గుర్తించే పరికరం) పెట్టి లెక్కగట్టి, ఏ రోజు లెక్క ఆ రోజు ఆన్‌లైన్‌లో పెడతారు. జూలై చివర్లో ఒక్క రోజులోనే లక్ష దాటిన సందర్భాలున్నాయి. టికెట్లు కొన్నాక నేను రోజూ పొద్దున్నే చూసింది ఆ లెక్కే. అంకె పెరిగితే హాయి, తగ్గితే టెన్షన్.

సాకై నదిలోకి వచ్చాక మేత మానేస్తుంది. కాబట్టి ఎర చూసి గాలం మింగదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, సీసం గుండు కట్టిన దారాన్ని ప్రవాహానికి అడ్డంగా విసిరి లాగుతూ ఉంటే, ఆ దారం చేప నోటికి అడ్డం పడి గాలం తగులుకుంటుంది. గాలం నోట్లోనే పడాలి. పొట్టకో వీపుకో తగిలితే చట్టప్రకారం వెంటనే వదిలేయాలి. మమ్మల్ని మోటారు పడవలో, నదికి దిగువనున్న సోల్డోట్నా ఊరి దగ్గర ఒక ఒడ్డుకు చేర్చిన గైడ్ ఈ విషయంలో నాకు నచ్చలేదు. మా వాడి గాలానికి రెక్క దగ్గర తగిలిన చేపను సంచిలో వేయబోయాడు. మేం వద్దన్నాక గానీ నీళ్లలోకి వదల్లేదు. రోజుకు ఇన్నే చేపలన్న మా పరిమితి నిండగానే, పదిన్నరకల్లా, రోజు అయిపోయిందన్నాడు. మనిషికి 300 డాలర్ల పైనే తీసుకుని ఆయన నేర్పిన పని, ఎవరైనా అరగంటలో నేర్చుకోగలిగిందే.

మర్నాడు గైడ్ లేకుండా రష్యన్ నది కీనైలో కలిసే చోటికి వెళ్లాం. అక్కడ బల్లకట్టు ఉంది. మోటారు లేదు. తీగకు కట్టిన పడవను ప్రవాహమే అటూ ఇటూ తోస్తుంది. ఆ రేవులో జనం భుజానికి భుజం తగిలేలా నిలబడతారు. ఒకరి దారం ఇంకొకరి దారంలో చిక్కుకుంటే ఇద్దరూ ఓపిగ్గా విప్పుకుంటారు. పక్కన నిలబడ్డ స్థానికుడొకాయన నా దారం మరీ పొడుగైందని చెప్పి, కోసి కట్టి ఇచ్చాడు. ఆ తర్వాత గంటలో నాకు రెండు చేపలు పడ్డాయి. ఆ రోజు మాకైన ఖర్చు బల్లకట్టు టికెట్లు, పార్కింగ్, లైసెన్సు. బయటి రాష్ట్రాల వాళ్లకు లైసెన్సు 7 రోజులకు 45 డాలర్లు. రోజుకు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చనేది సీజను మధ్యలో కూడా మారుతుంది, బయల్దేరే పొద్దున మత్స్యశాఖ ప్రకటన చూసుకోవాల్సిందే.

అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. తిండి ఉన్న సంచి చేతికి అందేంత దగ్గరలో ఉండాలి, చెట్టు కింద పెట్టి దూరం పోకూడదు. చేప కోసిన వ్యర్థాలను చిన్న ముక్కలు చేసి లోతైన పారే నీళ్లలో వేయాలి. ఎవరూ చూడట్లేదని ఒడ్డున పడేస్తే, ఆ వాసనకు వచ్చే ఎలుగుబంటి మన తర్వాత వచ్చేవాళ్లకు ఎదురవుతుంది.

ఇక బస. జూలైలో సోల్డోట్నాలో ఒక అద్దె ఇల్లు తీసుకున్నాం. చేపలకు పెద్ద ఫ్రీజర్ ఉందని రాసి ఉంటే అది చూసే ఎంచుకున్నాం. తీరా వెళ్తే అందులో ఇంటివాళ్ల సామాన్లు నిండి ఉన్నాయి. గాలి తీసి ప్యాక్ చేసి గడ్డకట్టించే దుకాణానికి పౌను లెక్కన అదనంగా కట్టాల్సి వచ్చింది. ఆ దుకాణం పని మాత్రం శుభ్రంగా ఉంది. అట్టపెట్టెలో సర్దిచ్చిన చేపలు సియాటిల్ చేరేదాకా రాయిలా ఉన్నాయి. జూలైలో వెళ్లేవాళ్లు ఫ్రీజర్‌లో జాగా ఎంత ఉందో ముందే ఫోన్ చేసి అడగండి.

సెప్టెంబరు ప్రయాణం పూర్తిగా వేరు. కూపర్ ల్యాండింగ్‌లో కీనై సరస్సుకు దగ్గరగా చిన్న చెక్క ఇల్లు, వంటగది ఉన్నది తీసుకున్నాను. పర్యాటకులు పలచబడ్డారు, అద్దె తగ్గింది. బర్చ్ చెట్లు పసుపెక్కాయి, కొండల నెత్తిన కొత్త మంచు పడింది. సీజను ముగిసిందని చెప్పే ఆ మంచును అక్కడివాళ్లు ‘టెర్మినేషన్ డస్ట్’ అంటారు. నదిని చూడగానే నాన్న “ఎవరో నీలిమందు కలిపినట్టుందిరా” అన్నారు. హిమానీనదాల కింద పిండిలా నలిగిన రాతిపొడి నీళ్లలో తేలడం వల్ల వచ్చే రంగది.

ఎగువ కీనైలో గైడ్లు మోటారు వాడరు, తెడ్లతో నడిపే పడవలే. మా గైడ్ నడివయసావిడ. ముందు నాన్న చేతికి ఒక చిన్న డబ్బా ఇచ్చింది. అందులో పూసలు, ఎరుపు నుంచి పాలిపోయిన లేత నారింజ దాకా. ఆగస్టు నుంచి సాకై గులకల్లో గుడ్లు పెడతాయి, కొట్టుకొచ్చిన గుడ్లను రెయిన్‌బో ట్రౌట్, డాలీ వార్డెన్ చేపలు కాచుకుని తింటాయి. రోజులు గడిచేకొద్దీ గుడ్డు రంగు పాలిపోతుంది. ఆ వారం నీళ్లలో గుడ్లు ఏ రంగులో ఉన్నాయో పూస ఆ రంగులోనే ఉండాలి. గాలానికి పైన రెండంగుళాల లోపు పూస, ఇంకా పైన బెండు. నాన్న డబ్బా తిప్పి చూసి “జెన లాగే చేశారు” అన్నారు.

ఆవిడ గొప్పతనం నీళ్లు చదవడంలో ఉంది. ఎర్రబడ్డ సాకై జంటలు ఏ గులకల మీద ఉన్నాయో చూపించి, వాటికి పది గజాల దిగువన పడవ నిలిపేది. గుడ్లు పెట్టే చోట కాలు పెట్టనివ్వలేదు. బెండు కదలికలో ఏది రాయి, ఏది చేపో ముందే చెప్పేది. తెడ్డుతో పడవను నీటి వేగానికి సరిగ్గా సరిపెట్టడం వల్ల పూస నిజమైన గుడ్డులా కొట్టుకుపోయేది. ఇది పుస్తకం చదివో, పక్కవాళ్లను చూసో నాకు వచ్చే విద్య కాదు. ఈ డబ్బు నేను మనస్ఫూర్తిగా ఇచ్చాను, పైన టిప్ 20 శాతం కూడా.

మధ్యాహ్నం నాన్న గాలానికి 22 అంగుళాల రెయిన్‌బో పడింది. రెండు సార్లు గాల్లోకి ఎగిరింది. ఎగువ కీనైలో 16 అంగుళాలు, ఆపైన ఉన్న రెయిన్‌బోలను వదిలేయాలన్నది నిబంధన. ఆవిడ చేపను నీళ్లలోంచి పైకి తీయకుండానే వలలో ఉంచి గాలం తీసింది. నాన్న చేయి తడుపుకుని ఒక్క క్షణం దాని పొట్ట కింద అరచేయి పెట్టారు. అది తోక విదిల్చి వెళ్లిపోయింది. ఇంత దూరం వచ్చి చేపను వదిలేయడం ఆయనకు కష్టంగా ఉంటుందని నేను భయపడ్డాను. ఆయన ఆ మాటే ఎత్తలేదు. ఒడ్డున చచ్చిపడి ఉన్న సాకైలను చూసి మాత్రం చాలాసేపు మౌనంగా ఉన్నారు. “మన పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోతుంది కదరా. ఇవి ఒక్కటీ తిరిగిపోవా?” అని అడిగారు. పోవు. వాటి కళేబరాలనూ ట్రౌట్ తింటాయి. అక్టోబరులో పూసల బదులు మాంసపు తునక లాంటి ఎరలు కడతారని గైడ్ చెప్పింది.

వేసవి మొదట్లోని సంగతి నేను చూడలేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం కావడంతో ఎగువ నదిలో మే నుంచి జూన్ 10 దాకా వాటి వేట ఉండదు, 11న తెరుస్తారు. 1985లో 97 పౌన్ల ప్రపంచ రికార్డు చేప పడిన కింగ్ సాల్మన్ కోసం మాత్రం ఎవరైనా ప్యాకేజీ అమ్మితే తొందరపడకండి. ఆ జాతి బాగా తగ్గిపోయి ఇటీవలి సంవత్సరాల్లో కీనైలో దాని వేట మూసేశారు.

రాత్రి అక్కడే కొన్న సాకై ముక్కలతో నాన్న పులుసు పెట్టారు, ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండుతో, బెండకాయలు వేసి. ముక్క గట్టిగా నిలబడింది, పులస నూనె మాత్రం రాలేదన్నారు. వాసన బయటికి పోకుండా కిటికీలన్నీ మూసి, ఎముకలు ఎలుగుబంటి తెరవలేని చెత్తడబ్బాలో వేసి వచ్చాం. వచ్చే జూలైకి మళ్లీ వస్తానని నాన్న అప్పుడే అన్నారు, ఈసారి గాలం లేకుండా. రష్యన్ నది క్యాంప్‌గ్రౌండ్ నుంచి రెండు మైళ్లకు పైగా నడిస్తే జలపాతం వస్తుంది, అక్కడ సాకైలు నీటి మీదికి ఎగురుతూ ఎక్కడం చూడొచ్చని గైడ్ చెప్పింది. ఆ నడక ఆయన మోకాళ్లకు పడుతుందో లేదో కనుక్కుని, గది బుక్ చేయాలి.